ఒకే ఏనుగు, రెండుసార్లు



మన తరగతుల్లో వాడే బొమ్మల కార్డుల్లో ‘పరుగు’ అనే కార్డు ఒకసారి తీసి చూడండి. తెల్లటి కాగితం మీద ఒక అబ్బాయి. ఒక కాలు గాల్లో, ముఖాన నవ్వు, వీపు వెనక మూడు చిన్న గీతలు. ఈ కార్డు చూపించి “ఏం జరుగుతోంది?” అని అడిగితే పిల్లలు “అబ్బాయి” అంటారు. ఇంకాస్త బతిమాలితే “పరుగు” అంటారు. అక్కడితో సరి. ఎక్కడినుంచి వస్తున్నాడు, ఎక్కడికి పోతున్నాడు, వెనక కుక్క తరుముతోందా, బడి గంట కొట్టేశారా? కార్డులో ఇవేమీ లేవు. లేనిదాన్ని పిల్లలు మాత్రం ఎలా చెబుతారు? ఆ మూడు గీతలు “ఇతను కదులుతున్నాడు, నా మాట నమ్మండి” అని పక్కన రాసిపెట్టిన చీటీ లాంటివి. బొమ్మ తాను చేయాల్సిన పనిని గీతలకి అప్పగించేసింది.

చిత్రకారులు, శిల్పులు కదలికని ఎలా చూపించారన్నది కళాశాలల్లో చెప్పుకునే పెద్ద విషయమే. నేనిక్కడ దాన్ని మన అవసరం వైపు నుంచి చూస్తాను. కదలికని చూపించే పద్ధతి మారితే, ఆ బొమ్మ చూసి పిల్లలు చెప్పే వాక్యం కూడా మారుతుంది. మన క్లాసుల్లో ఏ వాక్యం కరువైపోయిందో మీకు తెలుసు. రెండో ఏడు, మూడో ఏడు పిల్లలు కథ చెబితే ఇలా ఉంటుంది: “ఏనుగు వచ్చింది. అండ్ దెన్ మనిషిని పట్టుకుంది. అండ్ దెన్ కూర్చుంది.” ప్రతి మాటా తెలుగే, కానీ ముక్కలు ముక్కలుగా ఉంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇలా చెప్పరు. “ఏనుగు పరిగెత్తుకుంటూ వచ్చి, మనిషిని పట్టుకుని, ఊరంతా హడలగొట్టి, చివరికి మోకాళ్ల మీద కూలబడింది” అంటారు. వచ్చి, పట్టుకుని, హడలగొట్టి అనేవన్నీ అసమాపక క్రియలు, వ్యాకరణంలో క్త్వార్థకాలు. చివర ఒక్కటే సమాపక క్రియ. తెలుగులో కథ నడిచేదే ఈ గొలుసు మీద.

చిత్రమేమిటంటే పిల్లలకి ఇది అర్థం కాక కాదు. “చేతులు కడుక్కుని, కంచం తెచ్చుకుని కూర్చో” అంటే మూడు పనులూ వరసగా చేసేస్తారు. తాము అనాల్సి వచ్చినప్పుడే గొలుసు తెగుతుంది. ఫోన్లో అమ్మమ్మకి బడి సంగతులు చెబుతున్న పిల్లల్ని గమనించండి. నాలుగు పొడి వాక్యాల తర్వాత ఇంగ్లీషులోకి జారిపోయేది సరిగ్గా ఇక్కడే. అమ్మమ్మ “ఊఁ, ఊఁ” అంటుంది, ఫోను అమ్మ చేతికి వస్తుంది.

ఇప్పుడు అమరావతికి వెళదాం.

కృష్ణ ఒడ్డున ఉన్న ఆ స్తూపం ప్రాకారం మీద ఒక గుండ్రటి శిల్పఫలకం ఉండేది. క్రీస్తుశకం రెండో శతాబ్దం నాటిది, పల్నాటి సున్నపురాయి. 1797లో కాలిన్ మెకంజీ ఆ శిథిలాలను చూసిన తర్వాత, వచ్చిన వందేళ్లలో అక్కడి శిల్పాలు చాలా భాగం మద్రాసుకీ లండన్‌కీ తరలిపోయాయి. ఈ ఫలకం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. కథ నలగిరి అనే ఏనుగుది. బుద్ధుడంటే గిట్టని దేవదత్తుడు, రాజగృహంలో ఆయన నడిచే వీధిలోకి మదమెక్కిన ఏనుగును వదిలించాడు. ఏనుగు జనం మీద పడింది, బుద్ధుడి ముందుకొచ్చేసరికి శాంతించి మోకరిల్లింది.

శిల్పి దీన్ని ఎలా చెక్కాడో చూడండి. ఎడమవైపు ఏనుగు వీధిలోకి దూసుకొచ్చి తొండంతో ఒక మనిషిని పట్టుకుంది. అదే ఏనుగు, కొంచెం కుడిపక్కన, బుద్ధుడి పాదాల ముందు వంగి ఉంది. రెంటికీ మధ్య గోడ లేదు, గీత లేదు, రెండు గదులుగా విడగొట్టడం లేదు. ఒకటే వీధి. మేడ మీద కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. కింద ఒకావిడ భయంతో వెనక్కి ఒరిగింది. ఆ కలకలం అంతా దాటుకుంటూ మన చూపు ఎడమనుంచి కుడికి వెళ్లేసరికి ఏనుగు మారిపోయి ఉంటుంది. రాతిలో ఏదీ కదల్లేదు, కదిలింది మన కన్నే. కాలం గడవడానికి కావలసిన శ్రమని శిల్పి మన చేత చేయించాడు.

ఇందులో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది వేగం కాదు, కర్త మారకపోవడం. రెండుచోట్లా అదే ఏనుగు అని మనం ఒప్పుకున్నప్పుడే కథ పుడుతుంది. ఒప్పుకోకపోతే అవి రెండు వేర్వేరు ఏనుగులు, ఒకటి చెడ్డది, ఒకటి మంచిది, అంతే. తెలుగు వాక్యం అడిగేది కూడా ఇదే కదా! ‘వచ్చి, పట్టుకుని, మోకరిల్లింది’ అన్నప్పుడు ఆ పనులన్నిటికీ కర్త ఒక్కటే అని వినేవాళ్లు ఒప్పుకుంటారు. ‘ఏనుగు’ అనే మాట ఒక్కసారే అంటాం, క్రియలు మాత్రం పేరుస్తాం. శిల్పి రాతిలో మాట తిప్పి కర్తను రెండుసార్లు చెక్కాల్సి వచ్చింది, మిగతాదంతా మన వాక్యనిర్మాణమే. అమరావతి శిల్పి ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడన్న చర్చ నేను పెట్టను. పోలిక మాత్రం ఉంది, అది క్లాసులో పనికొస్తుంది.

ఇదే ఫలకంలో రెండో పాఠం కూడా దాగి ఉంది. ఏనుగు వచ్చినప్పుడు పారిపోయింది ఏనుగు కాదు, జనం. కర్త మారింది. అప్పుడు ‘వచ్చి’ సాధారణంగా పనికిరాదు, “ఏనుగు రాగానే జనం పారిపోయారు” అనాలి, లేదా “రావడంతో” అనాలి. (వాన కురిసి చెరువు నిండింది లాంటివి కార్యకారణ సంబంధం ఉన్న వాక్యాలు, వాటి సంగతి వేరు. పై తరగతికి దాచుకోండి.) ఏనుగు గురించి చెబితే ‘వచ్చి’, జనం గురించి చెబితే ‘రాగానే’. ఈ తేడాని వర్క్‌షీటు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. బొమ్మ మీద వేలు పెట్టి, ఏనుగు మీదినుంచి జనం మీదికి వేలు జరిపితే ఎక్కుతుంది.

అమరావతి పక్కన మన అమెరికా మ్యూజియంల గోడల మీదున్న బొమ్మలు పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. ఇటలీ చిత్రకారుడు జాకొమో బల్లా 1912లో గొలుసు కట్టిన ఒక చిన్న కుక్క నడకను చిత్రించాడు. ఆ బొమ్మ ఇప్పుడు న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో మ్యూజియంలో ఉంది. కుక్కకి నాలుగు కాళ్లు కాదు, కాళ్ల గుంపు ఉంటుంది. తోక విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. గొలుసు నాలుగైదు వంపులుగా ఊగుతుంది. యజమానురాలి బూట్లు కూడా అంతే, ఒకదాని మీద ఒకటి. పిల్లలకి చూపిస్తే నవ్వకుండా ఉండరు. ఇక్కడ కథ లేదు, ముందు ఏం జరిగింది, తర్వాత ఏమవుతుంది అన్న ప్రశ్నే లేదు. ఉన్నదల్లా జోరు. దీన్ని చూసి పిల్లలు చెప్పాల్సిన మాటలు తెలుగులో కోకొల్లలు: గబగబా, టకటకా, చకచకా, తోక టపటపా. ఒకే మాటని రెండుసార్లు అనడం, ఒకే కాలుని పదిసార్లు వేయడం, రెండూ ఒక జాతివే. జంటపదాలు, ధ్వన్యనుకరణ పదాలు చెప్పే వారం ఈ కుక్కని తెచ్చుకోండి.

అదే సంవత్సరం మార్సెల్ ద్యుషాం మెట్లు దిగుతున్న మనిషిని వేశాడు. 1913లో న్యూయార్క్ ఆర్మరీ షోలో పెడితే పత్రికలు వేళాకోళం చేశాయి. ఇప్పుడు ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉంది. (దాని అసలు పేరులో ‘నగ్న’ అన్న మాట ఉంది. తల్లిదండ్రులు కంగారుపడక్కర్లేదు, కంటికి కనిపించేది చెక్కముక్కల దొంతర లాంటి ఆకారాలే.) పై మెట్టునుంచి కింది మెట్టు దాకా శరీరం ఒకదానిలోంచి ఒకటి జారుతూ ఉంటుంది. ‘దిగుతూ, దిగుతూ, దిగుతూ’. ఇది శత్రర్థకం. గొప్ప బొమ్మే, కాదనను. కానీ ఆ దిగడంలో మనిషి కరిగిపోయాడు. ఎవరు దిగుతున్నారో తెలియదు, దిగాక ఏం చేస్తారో తెలియదు. ద్యుషాంకి కావలసింది అదే కావచ్చు. మన పిల్లలకి మాత్రం క్రియ మిగిలి కర్త పోయిన బొమ్మతో ఎక్కువసేపు పని ఉండదు.

ఈ ఇద్దరి వెనకా ఫోటోగ్రఫీ ఉంది. 1878 జూన్‌లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, లేలాండ్ స్టాన్‌ఫర్డ్ గుర్రాల క్షేత్రంలో, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ కెమెరాలు వరసగా నిలబెట్టి పరిగెత్తే గుర్రాన్ని ఫోటోలు తీశాడు. బే ఏరియా వాళ్లకి ఇది పక్క ఊరే, ఇప్పుడు యూనివర్సిటీ ఉన్న చోటు. అంతకుముందు చాలామంది చిత్రకారులు పరిగెత్తే గుర్రాన్ని వేసేటప్పుడు ముందు కాళ్లు ముందుకీ వెనక కాళ్లు వెనక్కీ చాచి, గాల్లో తేలుతున్నట్టు వేసేవారు. గుర్రం నాలుగు కాళ్లూ నేలని వదిలే క్షణం నిజంగానే ఉందనీ, అయితే అప్పుడు కాళ్లు పొట్ట కింద ముడుచుకుని ఉంటాయనీ మైబ్రిడ్జ్ ఫోటోలు తేల్చాయి. లెక్క తేలింది గానీ, ఒక తిరకాసు మిగిలింది. నిజమైన ఆ ఒక్క ఫోటోని విడిగా చూస్తే గుర్రం పరిగెత్తుతున్నట్టు ఉండదు, గాల్లో గడ్డకట్టుకుపోయినట్టు ఉంటుంది. వరసగా చూస్తేనే పరుగు.

శిల్పి రోదాఁ దీని మీదే వాదించాడు. 1911లో అచ్చయిన సంభాషణల్లో ఆయన చెప్పిన దాని సారం ఏమిటంటే, కాలం నిజంగా ఆగదు కాబట్టి ఆగిపోయిన క్షణాన్ని చూపించే ఫోటోయే అబద్ధమాడుతోంది, కళాకారుడు నిజం చెబుతున్నాడు అని. ఆయన చేసిన నడిచే మనిషి విగ్రహాల్లో అంత పెద్ద అంగ వేసినా రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆని ఉంటాయి. మీరు లేచి అలా అంగ వేసి చూడండి, నడకలో వెనక మడమ లేవక తప్పదు. వెనక పాదం ఒక క్షణానిది, ముందు పాదం తర్వాతి క్షణానిది. మధ్యలో ఒళ్లు రెండిటినీ కలుపుతోంది. అమరావతి శిల్పి రెండు ఏనుగులతో చేసిన పనిని రోదాఁ ఒకే ఒంట్లో చేశాడు. స్టాన్‌ఫర్డ్‌లోని క్యాంటర్ మ్యూజియంలో రోదాఁ శిల్పాలు బోలెడున్నాయి. మైబ్రిడ్జ్ గుర్రం పరిగెత్తిన నేల మీదే ఆయనకి జవాబు చెబుతున్నవాళ్లు నిలబడి ఉండడం నాకు భలే తమాషాగా అనిపిస్తుంది.

ఈ ఉపాయం మన దగ్గర పాతదే. లేపాక్షి వీరభద్రాలయంలో ఒక చెక్కడం ఉంది, ఒకే ఒంటికి మూడు తలలున్న పశువు. ఒక తల కిందికి వంగింది, ఇంకోటి పైకి లేచింది. రెండు తలలని అరచేత్తో మూసి చూడండి, మామూలు పశువు. చెయ్యి జరపండి, అదే పశువు తల ఎత్తింది. పదహారో శతాబ్దపు ఆలయం అది, బల్లా కుక్క కన్నా దాదాపు నాలుగు వందల ఏళ్లు పెద్ద. కాగితం మీద వేయించి, రెండు చీటీలతో తలలు మూస్తూ తెరుస్తూ “గడ్డి మేసి, తల ఎత్తి, చూసింది” అనిపించవచ్చు. దీనికి మించిన ఫ్లాష్‌కార్డు నాకు దొరకలేదు.

పెద్దవాళ్లందరికీ తెలిసిన ఒక బొమ్మ దగ్గరికి వస్తాను. చందమామలో ‘శంకర్’ పేరుతో బొమ్మలు వేసిన కె.సి. శివశంకరన్ 2020లో కన్నుమూశారు. ఆయన విక్రమార్కుణ్ణి గుర్తు తెచ్చుకోండి: చేతిలో కత్తి, భుజాన శవం, ముందుకు పడిన అడుగు, చుట్టూ శ్మశానం. ఏళ్ల తరబడి నెలనెలా అదే నడక. మనలో ఎవరికీ అది పాతబడలేదు. ఎందుకని? ఆ అడుగు వెనక జరిగినదంతా బొమ్మలోనే ఉంది. భుజాన శవం ఉందంటే చెట్టు దగ్గరికి వెళ్లినట్టే, ఎక్కి దించినట్టే. రాబోయేది కూడా ఉంది, శవంలోని బేతాళుడు నోరు విప్పబోతున్నాడు. ఆ కథ ప్రతి నెలా ఎలా మొదలయ్యేదో మీకు నోటికి వచ్చే ఉంటుంది. చెట్టు దగ్గరికి వెళ్లడం, శవాన్ని దించడం, భుజాన వేసుకోవడం, శ్మశానం వైపు నడవడం. ఇన్ని పనులు, ఒకటే వాక్యం, ఒకటే కర్త, చివర ఒకటే సమాపక క్రియ! శంకర్ వేసింది ఆ చివరి క్రియనొక్కదాన్నే. ముందున్న క్త్వార్థకాలని రాజు భుజం మీద పెట్టాడు. ఏనుగుని రెండుసార్లు చెక్కాల్సిన పని లేకుండా ఒకే క్షణంతో గొలుసు మొత్తం లాగాడు. మన పరుగు కార్డులో లేనిది ఇదే, ఆ అబ్బాయి భుజాన ఏమీ లేదు.

బాపు గారి దగ్గర ఇదే పని ఒక్కోసారి జడ చేస్తుంది. అమ్మాయి ముఖం ఇటు తిరిగి ఉంటుంది, జడ చివర ఇంకా అటే ఉంటుంది. అంటే ఇప్పుడే తిరిగిందన్నమాట. కార్టూన్ సినిమాలు తీసేవాళ్లు దీనికి ‘ఫాలో త్రూ’ అని పేరు పెట్టుకున్నారు, ఒళ్లు ఆగాక జుట్టు, కుచ్చులు ఆగడం. బాపు గారి గీతకి ఆ పేరుతో పనిలేదు. సన్నగా మొదలై, ఒత్తుగా మారి, మళ్లీ సన్నబడే ఆ కుంచె గీతే నడుస్తూ ఉంటుంది. ఇందులో ‘తిరిగి చూసింది’ అనే వాక్యం సిద్ధంగా ఉంది.

తోలుబొమ్మలాటనీ చేర్యాల పటాన్నీ ఇక్కడ ఎక్కువ సాగదీయను, కారణం వాటిలో బొమ్మ నిజంగానే కదులుతుంది. నిమ్మలకుంట కళాకారులు (ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది) కీళ్లు కట్టిన తోలుబొమ్మని తెరకి ఆనించి ఆడిస్తే నీడ స్పష్టంగా ఉంటుంది, వెనక్కి లాగితే మసకబారుతుంది. చేర్యాల ఎర్రటి పటంలో కథకుడు చుట్ట విప్పుతున్నకొద్దీ కథ జరుగుతుంది. రెంటిలోనూ పక్కన కథ చెప్పేవాళ్లు ఉంటారు. మన క్లాసులో ఆ చెప్పేవాళ్లు పిల్లలు కావాలి. అందుకే కదలని బొమ్మే మనకి ఎక్కువ ఉపయోగం. కదలికలో లోటుని మాటతో పూడ్చమని అడుగుతుంది. వీడియో పెడితే పిల్లలు చూస్తారు, చెప్పరు.

ఇక క్లాసు సంగతి. నలగిరి ఫలకం ఫోటో పెద్దగా ముద్రించి గోడకి అంటించండి. కథ ముందు చెప్పకండి, చెబితే చెడిపోతుంది. “ఎన్ని ఏనుగులున్నాయి?” అని మాత్రం అడగండి. రెండు అంటారు. “ఒకటే అయితే?” అని ఆగండి. ఆ ఆగడం ముఖ్యం, తొందరపడి నింపకండి. ఎవరో ఒకరు “ఓ, ఇట్స్ ద సేమ్ వన్!” అంటారు. ఇంగ్లీషులో అన్నారని కసురుకోవద్దు, అప్పుడే పాఠం మొదలైంది. తర్వాత ఒకటే షరతు పెట్టండి: వాక్యానికి చివర ఒకటే చుక్క. ఒక్కొక్కరు ఒక్కో పని కలుపుతూ పోవాలి, ‘వచ్చి’, ‘పట్టుకుని’, ‘చూసి’. చుక్క పెట్టేవాళ్లు ఓడినట్టు. చుక్క పెట్టకుండా ఎంత దూరం పోతారో అని చూస్తే, ఏనుగు మధ్యలో నీళ్లు తాగి, పిజ్జా తిని కూడా వస్తుంది. రానివ్వండి.

ఇంటి పని కూడా ఇలాంటిదే. “మా నాన్న పొద్దున” అని ఒకే కాగితం, గళ్లు గీయకుండా. అదే నాన్న మంచం దగ్గర, పొయ్యి దగ్గర, కారు తలుపు దగ్గర, మూడుసార్లు. ఒకే చొక్కా వేయమనండి, లేకపోతే ముగ్గురు నాన్నలవుతారు. బొమ్మ ఎంత వంకరగా వచ్చినా పర్లేదు. తల్లిదండ్రులు చేయాల్సిందల్లా దాన్ని పట్టుకుని పిల్లల చేత అమ్మమ్మకో తాతయ్యకో వీడియో కాల్లో చూపించి, చుక్క పెట్టకుండా చెప్పించడం.

“ఇది తెలుగు క్లాసా, డ్రాయింగ్ క్లాసా?” అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. వారానికి రెండు గంటలు కూడా ఉండని బడిలో ఈ ప్రశ్న న్యాయమైనదే. నేను అడిగేది అదనపు సమయం కాదు. కార్డులు ఎలాగూ చూపిస్తున్నాం, ఆ నిమిషాల్లోనే కార్డు మార్చమంటున్నాను. వంద కార్డులు తిప్పేసి వంద నామవాచకాలు చెప్పించే బదులు, ఒక ఫలకం ముందు ఇరవై నిమిషాలు కూర్చుంటే వచ్చే నాలుగు పొడుగు వాక్యాలకే నా ఓటు.

వీలైతే మ్యూజియంకీ తీసుకెళ్లండి. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెట్టినప్పుడు తెలంగాణ ఫణిగిరి నుంచి తోరణం రాళ్లు సముద్రం దాటి వచ్చాయి, జులై నుంచి నవంబరు దాకా ఉన్నాయి. అలాంటివి రోజూ రావు గానీ, మీ ఊరి మ్యూజియంలో దక్షిణాసియా గది ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. వెళ్లేటప్పుడు పెన్సిలు, కాగితం పట్టుకెళ్లండి. గది మొత్తం తిప్పకండి, ఒక రాయి ఎంచుకుని దాని ముందు నేల మీద కూర్చోబెట్టండి. గార్డుని ముందే అడిగితే అభ్యంతరం చెప్పరు.